పర్యవేక్షకుని సంతకము

భూమిగల గృహస్థునకు సంతకపు విలువను గూర్చి వేఱుగ చెప్పనక్కరలేదు. క్రయపత్రము వ్రాసినవా డొకడు, హద్దులు చూపినవా డొకడు, సాక్షులుగా నిలిచినవారు మఱికొందఱు. కాని దస్తావేజు క్రింద ఎవని సంతకమున్నదో వాడే రేపు న్యాయస్థానమున నిలిచి జవాబు చెప్పవలసియుండును. చదువకయే సంతకము చేసితినన్న మాటకు ఏ న్యాయాధిపతియు చెవి యొగ్గడు. నేరములను పరిశోధించు రాజకీయశాఖలందును ఇంతే. దొంగను పట్టువాడు వేఱు, సాక్షిని ప్రశ్నించువాడు వేఱు, ఇల్లు సోదా చేయువాడు వేఱు. వీరందఱిపైనను కూర్చుండి, వారు వ్రాసినదానిని చదివి, వారు చేయదలచినదానికి అనుమతి నొసగు అధికారి యొకడు కలడు. ప్రజ లాతని ముఖము నెఱుగరు. పత్రికలలో ఆతని చిత్రము పడదు. చదువుట, అడుగుట, సంతకము చేయుట, ఇంతియే ఆతని పని. ఈ మూడింటిలో మూడవది ప్రజల స్వాతంత్ర్యమునకు కంచెయు కాగలదు. ఆ చేనును మేయు కంచెయు కాగలదు.

ఈ రెండు గుణములును ఒక్క మనుష్యునియందే, ఒక్క సంవత్సరముననే, ఒక్క కార్యాలయముననే కానవచ్చిన ఉదాహరణము అమెరికా దేశచరిత్రమున కలదు. ఆ దేశపు కేంద్ర నేరపరిశోధక సంస్థయగు ఎఫ్.బి.ఐ.లో ద్వితీయస్థానమునం దుండిన మార్క్ ఫెల్ట్ అను నాతని వృత్తాంత మది. దానిని తెలిసికొనుట వలన మనకును కొంత ప్రయోజన మున్నది.

పని జరుగు విధము

అమెరికా ఐక్యరాష్ట్రములలో ప్రతి రాష్ట్రమునకును తన పోలీసులు, తన న్యాయస్థానములు, తన శిక్షాశాసనములు కలవు. సామాన్యములైన హత్యలను, దొంగతనములను ఆయా రాష్ట్రములవారే విచారింతురు. కాని గూఢచర్యము, బేంకుల దోపిడి, ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు మనుష్యుల నపహరించుకొని పోవుట, కేంద్రోద్యోగుల లంచగొండితనము మొదలగు కొన్ని నేరములు కేంద్రశాసనముల క్రిందికి వచ్చును. వీనిని పరిశోధించుటకై 1908 సంవత్సరము జూలై మాసమున ఆ దేశపు న్యాయశాఖయందు ఒక చిన్న పరిశోధకవర్గ మేర్పడెను. అదియే పెరిగి పెద్దదై 1935 నుండి ఎఫ్.బి.ఐ. అను పేర వ్యవహరింపబడుచున్నది. 1924 మొదలు 1972 మే 2వ తేదీన మరణించువఱకు, నలువదియెనిమిది సంవత్సరములు, జె. ఎడ్గర్ హూవర్ ఒక్కడే దానికి అధిపతిగా నుండెను.

ఈ సంస్థకు నగరములందు యాబదికి పైగా ప్రాంతీయ కార్యాలయము లున్నవి. ఒక్కొక్క కార్యాలయమున ఏజంట్లు దళములుగా విభజింపబడి పనిచేయుదురు. ఒక్కొక్క దళమున కొక పర్యవేక్షకుడు. వారందఱిపై ఆ కార్యాలయాధిపతి. అందఱి పైనను వాషింగ్‌టన్ నగరమునందలి ప్రధానకార్యాలయము. సాక్షిని కలిసికొన్న ఏజంటు ఆతడు చెప్పినదానిని, రేపు సాక్ష్యమునకు రాదగినదైనచో, 302 అను సంఖ్య గల ఫారమునందు వ్రాసి దాఖలు చేయవలెను. దళపర్యవేక్షకుడు దానిని చదువును. ఈ సాక్షి చెప్పినది మఱియొక సాక్షి చెప్పినదానితో పొసగుచున్నదా? బేంకు లెక్క చూచితిరా? ఫలాని ఊరిలో నున్న మనుష్యుని ఎవరైన కలిసికొనిరా? ఇత్యాదిగా ప్రశ్నించి, కావలసినచో వేఱొక నగరమునందలి కార్యాలయమునకు వ్రాసి పనిని పురమాయించును. పరిశోధన మంతయు కాగితములమీద నడచుచున్నట్లే యుండును. చూచువారికి ఇది గుమాస్తాపని వలె తోచును గాని, నేరము రుజువగుటయు, నిరపరాధి బయటపడుటయు చాలవఱకు ఈ చదువుటమీదనే యాధారపడియున్నది.

ఆ కాగితములలో అత్యంతముఖ్యమైనది వారంటు కోరుచు వ్రాయు అఫిడవిటు. పౌరుల శరీరములకు, గృహములకు, పత్రములకు అకారణమైన సోదాల నుండి రక్షణ నొసగుచు 1791లో ఆ దేశపు రాజ్యాంగమునందు నాలుగవ సవరణము చేర్చబడెను. ఇల్లు సోదా చేయవలెనన్నచో ఏజంటు ప్రమాణపూర్వకముగా కారణములు వ్రాయవలెను. పరిశోధనమునకు సంబంధము లేని న్యాయాధికారి వానిని చూచి సంతుష్టుడు కావలెను. పిమ్మటనే తలుపు తట్టవలెను. అనగా పర్యవేక్షకుని సంతకమే తుదిది కాదు. దానిపైన న్యాయస్థానపు సంతకము కావలెను. ఆ దేశమునందలి పౌరస్వాతంత్ర్య మంతయు ఈ రెండవ సంతకమును ఆశ్రయించియున్నదని చెప్పినను తప్పు లేదు.

ఇట్టి స్థానమునందున్న అధికారికి రెండు వైపులనుండియు ఒత్తిడి కలుగును. క్రిందినుండి వచ్చునది తొందర: నేరస్థుడు తప్పించుకొని పోవుచున్నాడు, వారంటు కొఱకు ఎదురుచూచిన కార్యము చెడునని ఏజంట్లు మొఱపెట్టుదురు. పైనుండి వచ్చునది ఇచ్చ: ఈ కేసును ఇంతటితో నిలుపుము, ఆ కేసును కొంచెము ముందుకు నడుపుమని ప్రభువులు సూచింతురు. మొదటిదానికి లొంగినవాడు శాసనమును మీఱును. రెండవదానికి లొంగినవాడు శాసనమును అమ్ముకొనును. మార్క్ ఫెల్ట్ రెండవదానిని ఎదిరించెను, మొదటిదానికి లొంగిపోయెను.

పెరిగిన తీరు

ఫెల్ట్ 1913లో ఐడాహో రాష్ట్రమునందలి ట్విన్ ఫాల్స్ అను పట్టణమున జన్మించెను. న్యాయశాస్త్రము చదివి 1942 జనవరిలో ఎఫ్.బి.ఐ.లో చేరెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున శత్రుగూఢచారులకు సంబంధించిన కాగితములపై పనిచేసెను. పిమ్మట సాల్ట్ లేక్ సిటీ, కాన్సస్ సిటీ మొదలగు నగరములందలి కార్యాలయములకు అధిపతియై, 1964లో తనిఖీశాఖకు పెద్ద యయ్యెను. ఇతర కార్యాలయములు నిబంధనల ననుసరించుచున్నవా లేదా అని చూచుటయే ఆ శాఖ పని. అనగా ఇతరుల సంతకములను పరీక్షించుటలో ఆతడు ఆరితేరినవాడు. హూవర్ మరణించు నాటికి సంస్థలోని అగ్రస్థానీయులలో నుండి, వెంటనే ద్వితీయాధిపతి యయ్యెను.

ముప్పది సంవత్సరములు పనిచేసిన తనకే అధిపతిపదవి లభించునని ఆతడు తలచెను. కాని అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ తనకు విశ్వాసపాత్రుడును, సంస్థకు క్రొత్తవాడును అగు ప్యాట్రిక్ గ్రేను తాత్కాలికాధిపతిగా నియమించెను. ఫెల్ట్ మనసునం దీ విషయము ముల్లువలె నాటియుండెనని చెప్పుట అన్యాయము కాదు. మనుష్యుల కార్యములకు ధర్మబుద్ధి యొక్కటియే కారణమని నమ్మి చరిత్రము వ్రాయుట పురాణము చెప్పుటయే గాని విమర్శ కాదు.

మొదటి కన్నము

1972 జూన్ 17వ తేదీ తెల్లవారుజామున వాషింగ్‌టన్ నగరమునందలి వాటర్‌గేట్ భవనమున, ప్రతిపక్షమగు డెమోక్రాటిక్ పక్షము వారి కార్యాలయములో చొరబడిన అయిదుగురు పట్టుపడిరి. వారియొద్ద వరుససంఖ్యలు గల నూరు డాలర్ల నోట్లును, సంభాషణములను రహస్యముగా వినుటకు ఉపయోగించు పరికరములును దొరకెను. సామాన్యుల దృష్టికి ఇది చిల్లర దొంగతనము. కాని పరిశోధకులు నోట్ల వెంట నడచిరి. పట్టుపడినవారిలో నొకనికి మయామీ నగరమున నున్న బేంకు ఖాతాలో 25,000 డాలర్ల చెక్కు ఒకటియు, మెక్సికో ద్వారమున వచ్చిన 89,000 డాలర్ల చెక్కులును జమపడియుండెను. ఆ ధనము అధ్యక్షుని పునరెన్నిక కొఱకు వసూలు చేయబడిన విరాళము. కన్నము వేసినవారి సంచి నుండి దారము పట్టుకొని లాగగా, దాని రెండవ కొన రాజభవనపు గడపలో తేలినది.

అంతట పైనుండి ఒత్తిడి ప్రారంభమయ్యెను. జూన్ 23వ తేదీన నిక్సన్‌ను, ఆతని ముఖ్యసచివుడు హాల్డెమన్‌ను ఒక యుక్తి పన్నిరి. విదేశ గూఢచారసంస్థయగు సి.ఐ.ఏ. అధికారిని గ్రేయొద్దకు పంపి, మెక్సికో ధనమును గూర్చి విచారించినచో దేశరక్షణ రహస్యములు బయటపడునని చెప్పించుట యా యుక్తి. ఫెల్ట్ పైకి రాగోరువాడు గనుక సహకరించునని ఆ సంభాషణముననే హాల్డెమన్ చెప్పెను. గ్రే కొన్ని దినములు విచారణను ఆపెను కూడ. కాని ఫెల్ట్ మొదలగు సంస్థాధికారులు ఊరకుండలేదు. ఈ కోరికను వ్రాతమూలకముగ ఇప్పింపుమని వారు పట్టుపట్టిరి. జూలై మొదటివారమున గ్రే ఆ ప్రకారమే సి.ఐ.ఏ. వారిని అడిగెను. వ్రాసి సంతకము చేయుటకు వారిలో నెవ్వరును ముందుకు రాలేదు. విచారణ తిరిగి సాగెను. నోటిమాటగా వచ్చిన రాజాజ్ఞ కాగిత మడుగగానే కరగిపోయినది! పర్యవేక్షకుని విద్య యంతయు ఈ యొక్క ఘట్టమునం దిమిడియున్నది.

ఐనను అడ్డంకులు తీరలేదు. శ్వేతభవనోద్యోగులను ఏజంట్లు ప్రశ్నించునపుడు అధ్యక్షుని న్యాయసలహాదారుడగు జాన్ డీన్ ప్రక్కనే కూర్చుండుచుండెను. ఏజంట్లు వ్రాసిన పరిశోధనపత్రములను గ్రే ఆతనికే అందజేయుచుండెను. దొంగసొత్తు జాబితాను దొంగ బంధువునకే చదివి వినిపించుట కిది తీసిపోవునా? వాటర్‌గేట్ కుట్రలో పాల్గొన్న హంట్ అను నాతని ఇనుపపెట్టెలోని కాగితములు కొన్ని గ్రే చేతికి రాగా, ఆతడు వానిని దాచి ఆ సంవత్సరాంతమున తగులబెట్టెను. ఈ సంగతి బయటపడి 1973 ఏప్రిల్ 27వ తేదీన గ్రే పదవిని వదలుకొనెను.

ఈ కాలముననే ఫెల్ట్ వాషింగ్‌టన్ పోస్ట్ పత్రికా విలేఖరి బాబ్ వుడ్‌వర్డ్‌ను రహస్యముగా కలిసికొనుచుండెను. పొటోమాక్ నదికి ఆవలిగట్టున రాస్లిన్ అను చోట నేలక్రింద మోటారుబండ్లు నిలుపు శాలలో, అర్ధరాత్రము దాటిన పిమ్మట వారు మాటలాడుకొనిరి. క్రొత్త కాగితముల నిచ్చుటకంటె, విలేఖరి ఇతరత్ర సంపాదించిన వార్త నిజమో కాదో చెప్పి, ఏ దిక్కున వెదకవలెనో చూపుటయే ఆతడు ముఖ్యముగా చేసిన పని. 1972 అక్టోబరు 19వ తేదీననే హాల్డెమన్ ఈ సంగతిని పసిగట్టి నిక్సన్‌కు చెప్పెను. కాని ఫెల్ట్‌ను కదిపినచో తెలిసినదంతయు బయట పెట్టునను భయమున వారు సాహసింపలేదు. తుదకు న్యాయస్థానముల యాజ్ఞవలన జూన్ 23వ తేదీ సంభాషణము 1974 ఆగస్టు 5వ తేదీన ప్రకటింపబడగా, నాలుగు దినములలో నిక్సన్ అధ్యక్షపదవిని త్యజించెను.

పరిశోధనరహస్యమును పత్రికలకు చెప్పుట సేవాధర్మమునకు విరుద్ధమే. ఫెల్ట్ కూడ దీనిని గౌరవప్రదముగ నెంచలేదేమో. 1979లో ప్రకటించిన తన గ్రంథమున ఆ విలేఖరికి వార్తలిచ్చినవాడను కానని చెప్పి, 2005 మే 31వ తేదీ వఱకు సత్యమును దాచెను. కాని శాఖాధిపతియే కాగితములను కాల్చుచుండగా, విధ్యుక్తమైన త్రోవ ఆతనికి ఏది మిగిలియుండెనని అడుగువారి ప్రశ్నయు తేలికగా త్రోసివేయదగినది కాదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. అట్టి దొంగ గృహయజమానుడే యైనచో గుమాస్తా ఎవరితో మొఱపెట్టుకొనును?

రెండవ కన్నము

కథ ఇంతటితో ముగిసినచో ఫెల్ట్ మహాపురుషుడుగ మిగిలియుండును. కాని అదే 1972లో ఆతని బల్లమీదికి మఱియొక విధమైన కాగితములు వచ్చుచుండెను.

వియత్నాము యుద్ధము నెదిరించిన యువకులలో ఒక తీవ్రవర్గము వెదర్ అండర్‌గ్రౌండ్ అను పేర అజ్ఞాతముగ సంచరించుచు బాంబులు పేల్చుచుండెను. 1971 మార్చి 1వ తేదీన అమెరికా శాసనసభాభవనమునందును, 1972 మే 19వ తేదీన సైనికశాఖా కార్యాలయమగు పెంటగన్‌నందును ప్రేలుళ్లు జరిగెను. వీరిని పట్టుట ఎఫ్.బి.ఐ. విధియే, అందు సందేహము లేదు. కాని వారెక్కడ నుండిరో తెలియలేదు. అందుచే 1972, 1973 సంవత్సరములలో న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతముల ఏజంట్లు వారి బంధువుల యిండ్లలోను, స్నేహితుల యిండ్లలోను యజమానులు లేని వేళ తాళములు తీసి చొరబడి, ఉత్తరములు, చిరునామాలు చూచి, కాగితముల ఛాయాచిత్రములు తీసి వెడలిపోయిరి. వారంటు లేదు, న్యాయాధికారికి తెలియదు, ఆ యిండ్లవారిపై నేరారోపణయు లేదు. ఈ పనులకు అనుమతి నిచ్చినవారు ఫెల్ట్‌ను, ఆతని క్రింది అధికారి ఎడ్వర్డ్ మిల్లర్‌ను.

ఇట్టి చొరబాట్లు ఆ సంస్థలో పూర్వమునుండియు నుండినవే. 1966లో సంస్థలోపల వ్రాసికొనిన ఒక పత్రమున, ఈ పద్ధతి స్పష్టముగ శాసనవిరుద్ధమనియు, దానికి న్యాయసమ్మతి పొందుట సాధ్యము కాదనియు ఒప్పుకొనబడెను. వీనికి సంబంధించిన కాగితములను సాధారణమైన దస్త్రములలో చేర్చక, 'ఫైలు చేయవలదు' అను గుర్తుతో వేఱుగ ఉంచి, తరువాత ధ్వంసము చేయు ఏర్పాటు గూడ నుండెను. ఆ సంవత్సరముననే హూవర్ ఇట్టి పనులు ఇక కూడదని నిషేధించెను. హూవర్ పౌరస్వాతంత్ర్యమునకు గొప్ప మిత్రుడని ఎవరును అనరు. అట్టివాడు సైతము మూసిన తలుపును ఫెల్ట్ తెఱచెను.

దైవఘటనము మఱియొకటి చూడుడు. వాటర్‌గేట్ భవనమున దొంగలు పట్టుపడిన రెండు దినములకే, అనగా 1972 జూన్ 19వ తేదీన, ఆ దేశపు సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పెను. దేశములోపలి వారిని గూర్చి రక్షణకారణముల పేర వారంటు లేకుండ టెలిఫోను సంభాషణములను వినుటకు ప్రభుత్వమునకు అధికారము లేదని న్యాయాధిపతు లెనమండుగురు ఏకగ్రీవముగ నిర్ణయించిరి. టెలిఫోను తీగయందు చెవి పెట్టుటకే వారంటు కావలసినపుడు, తాళము తీసి ఇల్లు చొచ్చుటకు అక్కరలేదా? పగలు వాటర్‌గేట్ కన్నమును గూర్చిన కాగితములు చదివి, 'ఈ దొంగలను పంపినవా రెవరు?' అని ఆగ్రహించిన అధికారియే, అదే బల్లమీద, వేఱొక కన్నమునకు అనుమతి నొసగెను. నిక్సన్ మనుష్యులు చెప్పిన సాకు దేశరక్షణ. ఫెల్ట్ చెప్పిన సాకును దేశరక్షణయే.

బోనులో నిలిచినవాడు

ఈ రహస్యము బయటపడిన తరువాత మొదట పట్టుబడినవాడు చిన్నవాడే. 1977లో న్యూయార్కునందలి ఒక దళపర్యవేక్షకునిపై నేరారోపణ జరిగెను. పైవారి మాటపై పనిచేసినవానిని శిక్షింపవచ్చునా యని సహోద్యోగు లనేకులు న్యాయస్థానపు మెట్లమీద నిలిచి నిరసన తెలిపిరి. ఫెల్ట్ అంతకుముందే, తాను ఆజ్ఞ యిచ్చితిననియు, ఆజ్ఞను పాలించిన ఏజంట్లను శిక్షింపరాదనియు బహిరంగముగ చెప్పియుండెను. ఈ మాట ఆతని గౌరవమును నిలిపినది. 1978 ఏప్రిల్‌లో ప్రభుత్వము ఆ దళపర్యవేక్షకునిపై కేసును వదలి, గ్రే, ఫెల్ట్, మిల్లర్ అను మువ్వురిపై నేరము మోపెను.

1980లో జరిగిన విచారణమున చిత్రమైన సాక్షి యొకడు వచ్చెను. పదవీచ్యుతుడైన నిక్సన్ అక్టోబరు 29వ తేదీన న్యాయస్థానమునకు వచ్చి, దేశరక్షణకై ఇట్టి పనుల నాజ్ఞాపించు అధికారము అధ్యక్షునికి కలదని ఫెల్ట్ పక్షమున సాక్ష్యము చెప్పెను. తన్ను సింహాసనమునుండి దింపుటలో ఒక చేయి వేసినవానిని రక్షించుటకై ఆతడు వచ్చినాడన్నమాట! ఇందు నవ్వదగిన దున్నది, ఆలోచింపదగినదియు నున్నది. ఒకరి నొకరు కూలద్రోసిన యీ యిరువురును ఒక్క సిద్ధాంతమునం దేకీభవించిరి: ప్రయోజనము గొప్పదైనచో రెండవ సంతకము అక్కరలేదని. జూరీ అంగీకరింపలేదు. నవంబరు 6వ తేదీన ఫెల్ట్‌ను, మిల్లర్‌ను పౌరుల హక్కులను భంగపఱచుటకు కుట్ర చేసిన నేరస్థులుగ నిర్ణయించెను. న్యాయాధిపతి వారిని చెఱసాలకు పంపక, ఫెల్ట్‌నకు 5,000 డాలర్లు, మిల్లర్‌నకు 3,500 డాలర్లు జరిమానా విధించెను. గ్రేపై నున్న కేసు పిమ్మట ఉపసంహరింపబడెను. 1981లో అధ్యక్షుడు రీగన్ ఆ యిరువురకును క్షమాభిక్ష నొసగెను. ఫెల్ట్ 2008 డిసెంబరు 18వ తేదీన మరణించెను.

మఱి ఈ చొరబాట్ల వలన ఫలమేమి? అక్రమపద్ధతుల వలన కార్యము నెరవేరినదా? అదియు లేదు. 1973లోనే ప్రభుత్వము ఆ తీవ్రవర్గపు వారిలో అనేకులపై నున్న ముఖ్యమైన కేసులను తానే వదలుకొనవలసివచ్చెను. విచారణ జరిగినచో తాను సమాచారమును సేకరించిన విధమును న్యాయస్థానమున చెప్పవలసివచ్చునని దాని భయము. బాంబులు పేల్చితిమని చాటుకొనినవారిలో పెక్కండ్రు ఆ కేసులనుండి తప్పించుకొనిరి. వారిని పట్టదలచిన పర్యవేక్షకుడు శిక్షితుడయ్యెను. దొడ్డిత్రోవను పోయి గింజ తెచ్చువాడు తలవాకిటి పంటను పోగొట్టుకొనుట యనగా నిదియే. పౌరస్వాతంత్ర్యమును గూర్చి చింత లేనివారు సైతము, కేవలము నేరస్థులు శిక్షింపబడవలెనని కోరువారు సైతము, ఈ లెక్కను చూడవలెను.

అమెరికావారు ఈ యనుభవము నుండి కొంత నేర్చుకొనిరి. ఇక నెవ్వరును హూవర్ వలె జీవితాంతము కూర్చుండకుండ, 1976లో ఎఫ్.బి.ఐ. అధిపతి పదవీకాలమును పది సంవత్సరములకు పరిమితము చేసిరి. విదేశ గూఢచర్యమునకు సంబంధించి జరుపు రహస్యశ్రవణమునకు సైతము వారంటు నొసగు ప్రత్యేకన్యాయస్థానమును 1978లో నెలకొల్పిరి. అంతమాత్రమున సర్వము చక్కబడినదని కాదు. పది సంవత్సరముల గడువు గరిష్ఠమే గాని హామీ కాదు. అధ్యక్షుడు తలచినచో అధిపతిని తొలగింపవచ్చును. 1993లో ఒకసారి, 2017లో ఒకసారి అట్లే జరిగినది.

మన యింటి సంగతి

పరదేశమున జరిగినదానిని చదివి, మనకేమి యని పుట మడచుట తగదు. మనదేశమునందలి సి.బి.ఐ. 1963 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడెను. దాని యధికారమునకు మూలము 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు శాసనము. రాష్ట్రప్రభుత్వపు సమ్మతి లేనిదే ఆ సంస్థ రాష్ట్రమున విచారణ జరుపరాదని ఆ శాసనపు 6వ విభాగము చెప్పుచున్నది. ఐనను సుప్రీంకోర్టు గాని, హైకోర్టు గాని ఆజ్ఞాపించినచో ఆ సమ్మతితో పనిలేదు. ఈ హక్కును పురస్కరించుకొని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2018 నవంబరులో తన సామాన్యసమ్మతిని ఉపసంహరించి, ప్రభుత్వము మారిన పిమ్మట 2019లో మరల నొసగెను. తెలంగాణ ప్రభుత్వము 2022లో ఉపసంహరించెను. పరిశోధకుడు నిష్పక్షపాతియను నమ్మకము చెడినచోట, తలుపు తెఱచుటయు మూయుటయు రాజకీయమైపోవును.

హవాలా వ్యవహారమునకు సంబంధించిన వినీత్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు 1997 డిసెంబరు 18వ తేదీన తీర్పు చెప్పుచు, సి.బి.ఐ. అధిపతికి కనీసము రెండు సంవత్సరముల పదవీకాల ముండవలెనని నిర్దేశించెను. ఉన్నతోద్యోగులపై విచారణకు పైవారి ముందస్తు అనుమతి కావలెనన్న ప్రభుత్వాదేశమును కొట్టివేసెను. ఐనను 2013లో ఏమి జరిగెను? బొగ్గుగనుల కేటాయింపును గూర్చి సుప్రీంకోర్టునకు సమర్పింపవలసిన నివేదికను ముందుగ న్యాయశాఖామంత్రికిని, మఱికొందఱు అధికారులకును చూపితిమని ఆ సంస్థాధిపతియే ప్రమాణపత్రమున ఒప్పుకొనెను. ఆ సందర్భముననే న్యాయాధిపతులు ఆ సంస్థను పంజరమునందలి చిలుకతో పోల్చిరి. గ్రే పరిశోధనపత్రములను డీన్‌కు చూపిన నలువది సంవత్సరములకు, వేఱొక ఖండమున, అదే తప్పు వేఱొక రూపమున కానవచ్చినది. మనుష్యస్వభావమునకు సముద్రములు హద్దులు కావు.

దీనికి మన శాసనమునందే యొక మందున్నది. విచారణాధికారి ఏనాటి పని ఆనాడు కేసుడైరీలో వ్రాయవలెనని, న్యాయస్థానము కోరినపుడు దానిని చూపవలెనని పూర్వపు నేరవిచారణస్మృతి 172వ విభాగము విధించెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన క్రొత్త సంహితలో 192వ విభాగమును ఇదియే చెప్పుచున్నది. ఈ డైరీ ఉత్తుత్తి నమూనా కాదు. ఎవరు చెప్పగా ఏ గడపకు పోయితివి, ఎవరు చెప్పగా ఏ గడపకు పోక మానితివి యను ప్రశ్నకు ఆ పుటలే జవాబు చెప్పవలెను.

పర్యవేక్షకుడు ధర్మాత్ముడై యుండవలెనని కోరుట మంచిదే. కాని దేశముయొక్క క్షేమమును ఆతని ధర్మబుద్ధిమీదనే వేలాడదీయుట మంచిది కాదు. ఫెల్ట్ అధర్మాత్ముడు కాడు, అసమర్థుడు కాడు, ఇతరుల తప్పులను పట్టుటలో దిట్ట. అట్టివాడే, తాను చేయునది దేశమునకు మేలని నమ్మిన క్షణమున, ఇతరులయందు తాను చూచిన తప్పును తనయందు చూడలేకపోయెను. కావున ఆ పీఠముపై కూర్చుండువారికి ఒక్క కొలబద్ద చాలును. ఈ యాజ్ఞను కాగితముమీద వ్రాసి, క్రింద సంతకము చేసి, ఫైలులో నుంచి, రేపు బహిరంగ న్యాయస్థానమున చదివి వినిపించుటకు సిద్ధమా? సిద్ధమైనచో ఆ యాజ్ఞ నీయవచ్చును. పైవాడు చెప్పినదైనచో పాలింపవచ్చును. 'దీనిని ఫైలు చేయవలదు' అని చేయి వణకిన క్షణముననే, ఆ పని కన్నమని తెలిసికొనవలెను. వేయువాడు దొంగయైనను సరే, దొరయైనను సరే.